నివ్వరిగింజ చేసిన మేలు

మన కావ్యములలో మునుల ఆశ్రమములను వర్ణించు పట్టుల నీవారధాన్యము ప్రస్తావన తరచుగా వచ్చును. దున్నకయు, విత్తకయు, తనంత తాను మొలచి పండిన గింజ గనుక అది తపోధనులకు తగిన ఆహారమని పెద్దలు భావించిరి. ఆ నీవారమునే తెలుగున నివ్వరి యందురు. నేటికిని చెరువు శిఖములలో, కాలువల యొడ్డున, వాననీరు నిలిచిన గుంటలలో ఈ గడ్డి అక్కడక్కడ కనబడుచునే యున్నది. చూపునకు వరి వలెనే యుండును. కాని వెన్నున గింజలు పలుచన. ఒక్కొక్క గింజకు పొడవైన మీసముండును. పండీ పండకమునుపే గింజ నేల రాలిపోవును. రైతునకు దీనితో పని లేదు. తన మడిలో మొలచినచో కలుపు మొక్కగా నెంచి, పెరికి గట్టుమీద పారవేయును.

ఇట్లు పెరికి పారవేయబడు మొక్కయే ఒకనాడు ఆసియాఖండపు వరిపంటను ఒక దారుణమైన తెగులు నుండి గట్టెక్కించినది. దీని దూరపు బంధువు మరియొకటి, ఆఫ్రికా ఖండమున పుట్టినది, నేడు మన సాంబమసూరి వరికి రక్షణ నిచ్చుచున్నది. ఈ రెండు వృత్తాంతములను, వాని వెనుక నున్న శాస్త్రమును ఇచట ముచ్చటింతము.

సాగువరియందు లేని శక్తి అడవివరియందు ఎట్లు మిగిలినది? మానవుడు వరిని సాగుచేయ నారంభించి వేల ఏండ్లు గడచినవి. గింజ రాలని మొక్కను, ఒక్క తూరిగా పండు మొక్కను, అన్నమునకు రుచియైన గింజను ఏరి ఏరి మరుసటి ఏటికి విత్తనముగా దాచుకొనుచు వచ్చెను. ఏరుట యనగా కొన్నింటిని నిలుపుకొని తక్కిన వానిని విడిచిపెట్టుటయే గదా. ఒక కుటుంబము పాత యిల్లు విడిచి కొత్త యూరికి పోవునపుడు బండిలో పట్టినంత సామానే తీసికొనిపోవును. అటకమీద విడిచిన పాత్రలలో ఏది యెప్పుడు అవసరపడునో నాడు తోచదు. వరి విషయమునను అట్లే జరిగినది. కంటికి కనబడు మంచి గుణములు మనవెంట వచ్చినవి. కంటికి కనబడని గుణములు కొన్ని అడవిలోనే నిలిచిపోయినవి.

అడవివరికి ఎరువు వేయువారు లేరు, మందు చల్లువారు లేరు. తెగులు వచ్చినపుడు తట్టుకొన్న మొక్క విత్తనము రాల్చును; తట్టుకొనలేనిది తన వంశము లేకుండ పోవును. ఈ పరీక్ష ఏటేట, గుంటగుంటన, వేల సంవత్సరములుగా జరుగుచున్నది. అందుచేత ఒక గుంటలోని నివ్వరియందున్న శక్తి పది క్రోసుల దూరమున నున్న మరియొక గుంటలోని నివ్వరియందు ఉండకపోవచ్చును. ఈ మాట మనస్సున నుంచుకొనవలెను. ముందు కథకు ఇదియే కీలకము.

1966 లో ఐ.ఆర్. 8 అను పొట్టివరి బయలుదేరిన తరువాత ఆసియా దేశములలో వరిసేద్యము రూపు మారెను. అనేక దేశవాళీ వంగడముల స్థానమున కొద్దిపాటి కొత్త వంగడములు లక్షల ఎకరములలో పరచుకొనెను. నత్రజని యెరువు హెచ్చెను. నీటివసతి గలచోట ఏడాది పొడవునను వరియే పొలమున నిలిచెను. దిగుబడి పెరిగిన మాట నిజము. కాని ఒకే రక్తమునకు చెందిన మొక్కలు దేశమంతట నిండియున్నపుడు ఒక మొక్కను చంపగల తెగులు అన్నింటిని చంపగలదు.

అట్టి తెగులు గ్రాసీ స్టంట్. మనము దానిని గడ్డిదుబ్బు తెగులు అని చెప్పుకొనవచ్చును. ఇది ఫిలిప్పీన్స్ దేశమున 1963 లో గుర్తింపబడినది. దీనికి కారణము ఒక వైరస్. దానిని మొక్కనుండి మొక్కకు మోయునది మన రైతులెరిగిన సుడిదోమ. దోమ రసము పీల్చుటచే కలుగు నష్టము ఒకటి కాగా, అది అంటించు వైరస్ వలన కలుగు నష్టము వేరొకటి. తెగులు సోకిన మొక్క ఎదుగక, లెక్కకు మించిన సన్నని పిలకలు వేసి, గడ్డిదుబ్బువలె కూర్చుండును. వెన్ను తీయదు, తీసినను తాలుగింజలే. 1970 తరువాతి సంవత్సరములలో ఇండొనీషియా, ఫిలిప్పీన్స్ మొదలైన దేశములలో సుడిదోమయు ఈ తెగులును విరుచుకొనిపడెను. మన దేశమున కేరళరాష్ట్రము 1973-74 లో సుడిదోమ తాకిడికి గురియైనది.

ఫిలిప్పీన్స్‌లో లాస్ బానోస్ అనుచోట 1960 లో నెలకొల్పబడిన అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఈ తెగులును తట్టుకొను వరికై వెదకెను. అచటి విత్తనభాండారమున వివిధ దేశముల నుండి తెచ్చిన వరిరకములు దాచబడియున్నవి. వైరస్‌ను మోయు దోమలను లేతమొక్కలపై విడిచి, ఏది బ్రతుకునో, ఏది చచ్చునో పరీక్షించిరి. ఆరువేలకు పైగా రకములను పరీక్షింపగా సాగువరులలో తట్టుకొన్నది ఒక్కటియు కనబడలేదు. చిట్టచివరకు ఒకే యొక్క సేకరణయందు ఆ శక్తి దొరకెను. అది ఉత్తరప్రదేశ్ నుండి తెచ్చిన నివ్వరి. ఆ సేకరణలోనైనను అన్ని మొక్కలకు ఆ శక్తి లేదు. కొన్నింటికి మాత్రమే కలదు. పిడికెడు గింజలు కోసి సంచిలో వేసికొన్న ఆ సేకర్త ఆనాడు ఆ గుంటను దాటి పోయి యుండినచో కథ మరియొక విధముగ నుండెడిది.

శాస్త్రజ్ఞులు ఈ జాతిని ఒరైజా నివారా అందురు. మన సంస్కృతపదమైన నీవారమే శాస్త్రనామమున నిలిచినది. ఈ నామకరణము 1965 లో శర్మ, శాస్త్రి అను ఇద్దరు భారతీయ శాస్త్రజ్ఞులు చేసినది. వారిలో ఎస్.వి.ఎస్. శాస్త్రిగారు ఆ సంవత్సరముననే హైదరాబాదు కేంద్రముగ ప్రారంభమైన అఖిలభారత వరి పరిశోధన సమన్వయ పథకమునకు నాయకత్వము వహించిరి.

శక్తిగల మొక్క దొరకుట పనిలో మొదటి పాలు మాత్రమే. ఆ శక్తిని సాగువరిలోనికి తెచ్చుట ఎట్లు? వరిపువ్వు తన పుప్పొడితో తానే ఫలదీకరణము చెందును. కావున సంకరము చేయదలచినవారు పువ్వు విచ్చుటకు ముందే సాగువరి వెన్నులోని ఒక్కొక్క పొట్టును కత్తిరించి, లోపలి ఆరు కేసరములను చిన్న పటకారుతో తీసివేయుదురు. అన్య పుప్పొడి తాకకుండ ఆ వెన్నునకు సంచి తొడుగుదురు. మరునాడు అడవివరి పుప్పొడిని దానిపై దులుపుదురు. ఇట్లు కట్టిన గింజనుండి మొలచిన సంకరమొక్కలో సగము తల్లి గుణములు, సగము తండ్రి గుణములు ఉండును. తెగులును తట్టుకొను జన్యువుతో బాటు గింజ రాలుట, మీసము, చుట్టుకొని పరచుకొను స్వభావము మొదలైన అడవి లక్షణములన్నియు వచ్చిచేరును. అట్టి మొక్క రైతునకు పనికిరాదు.

అందుచేత ఆ సంకరమొక్కను మరల సాగువరితోనే కలుపుదురు. ఈసారి పుట్టిన సంతతిలో అడవిపాలు సగటున నాల్గవ వంతునకు తగ్గును. వానిలో తెగులును తట్టుకొన్నవానిని మాత్రమే నిలుపుకొని మరియొకసారి కలుపగా ఎనిమిదవ వంతు, ఆపై పదునారవ వంతు, నాల్గవమారునకు ముప్పదిరెండవ వంతు అగును. అనగా నూటికి సుమారు 97 పాళ్లు సాగువరియే. మిగిలిన మూడు పాళ్లలో మనకు కావలసిన జన్యువుండవలెను. ప్రతి తరమునను తెగులును అంటించి చూచి, తట్టుకొన్నదానిని ఏరుకొనకపోయినచో అడవి లక్షణములతో బాటు ఆ జన్యువు కూడ కడుక్కొనిపోవును. ఈ పద్ధతికి ప్రతిసంకరణము అని పేరు.

నివ్వరిలోని శక్తి ఒకే జన్యువుపై ఆధారపడియుండుటయు, జంటలో ఒక్కటి యున్నను అది బయటపడుటయు ఈ పనిని సులువు చేసినవి. పంజాబునకు చెందిన శాస్త్రజ్ఞుడు గురుదేవ్ ఖుష్‌గారు, వారి సహచరులు ఆ జన్యువును మేలైన వరులలోనికి తెచ్చిరి. 1974 లో ఐ.ఆర్. 28, ఐ.ఆర్. 29, ఐ.ఆర్. 30 అను వంగడములును, 1976 లో ఐ.ఆర్. 36 అను వంగడమును విడుదలయ్యెను. ఐ.ఆర్. 36 అనతికాలముననే ఆసియాలో కోటి హెక్టారులకు పైగా సాగైనది. అన్ని పొలములలోని ఆ రక్షణకు మూలము ఒక గుంటలోని కొన్ని నివ్వరి మొక్కలే.

ఇక రెండవ కథ మనకు మరింత దగ్గరిది. వరికి వచ్చు తెగుళ్లలో బాక్టీరియా ఎండాకు తెగులు ఒకటి. జపానులో 1884 నాటికే దీనిని గుర్తించిరి. మన దేశమున 1963 లో బీహారులో ఇది విస్తారముగ చెలరేగెను. ఈ సూక్ష్మజీవి ఆకు అంచులందలి నీటిరంధ్రముల గుండను, గాలికి ఆకులు రాచుకొనగా ఏర్పడిన గాయముల గుండను లోనికి చొచ్చును. ఆకు కొననుండి అంచువెంట పసుపుచార అలలవలె దిగివచ్చి, క్రమముగ ఎండుగడ్డి రంగునకు తిరుగును. ఉదయవేళ ఆ చారలపై పాలవంటి చిన్న బిందువులు కనబడును. వానియందు కోట్లకొలది సూక్ష్మజీవులుండును. వానజల్లుతోను గాలితోను అవి ప్రక్క మొక్కలకు ప్రాకును. తాకిడి తీవ్రమైనచో పంటలో సగము వరకు కూడ నష్టము కలుగవచ్చును. దీనిని నమ్మదగిన విధముగ అరికట్టగల మందు లేదు. కావున తట్టుకొను శక్తి మొక్కయందే యుండవలెను.

పశ్చిమాఫ్రికాలోని మాలీ దేశమున ఒక అడవివరి కలదు. అది నేలలో దుంపకాడలు పాకించుచు ఏండ్లతరబడి బ్రతుకును; గింజ కొద్దిగనే పట్టును. దానిని మన కటకములోని కేంద్ర వరి పరిశోధన సంస్థలో 1970 తరువాతి సంవత్సరములలో పరీక్షింపగా, అచట పరీక్షకు వాడిన ఎండాకు తెగులు రూపములన్నింటిని అది తట్టుకొనెను. పిమ్మట లాస్ బానోస్‌లో ఖుష్‌గారి బృందము దానిని ఐ.ఆర్. 24 అను సాగువరితో కలిపి, పదేండ్లకు పైగా ప్రతిసంకరణములు సాగించి, ఆ శక్తిని సాగువరిలోనికి తెచ్చెను. ఆ శక్తికి మూలమైన జన్యువునకు ఎక్స్.ఏ. 21 అని పేరిడిరి. 1995 లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలో పమేలా రోనాల్డ్‌గారి బృందము ఆ జన్యువును విడదీసి దాని స్వరూపము తెలిసికొనెను. అది మొక్క కణపు పొరపై కావలివానివలె నిలిచి, సూక్ష్మజీవి జాడ తగిలిన వెంటనే లోపలికి హెచ్చరిక పంపునట్టి పదార్థమును పుట్టించునని తేలినది.

ఈ సమయమున మన తెలుగుదేశమున ఏమి జరుగుచున్నది? బాపట్లలో రూపొంది 1986 లో విడుదలయైన బి.పి.టి. 5204 అను సాంబమసూరి ఇంటింటి సన్నబియ్యమైనది. సన్నని గింజ, మెత్తని అన్నము, అంగడిలో మంచి ధర. ఇన్ని గుణములుండియు దానికి ఎండాకు తెగులు సోకుట మాత్రము తప్పలేదు. తెగులు తట్టుకొను వేరొక వరిని వేసికొమ్మని రైతునకు చెప్పుట సులువే. కాని కొనువారు ఆ బియ్యమునే కోరుచుండగా రైతు మాత్రము ఏమి చేయగలడు? కావున వరిని మార్చుటకంటె ఆ వరికే శక్తిని చేర్చుట మేలని శాస్త్రజ్ఞులు తలచిరి.

హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలనాలయము, కణ జీవాణు జీవశాస్త్ర కేంద్రము, ఈ రెండు సంస్థలును చేయి కలిపి ఈ పనికి పూనుకొనెను. అందు మొదటిది నేడు భారతీయ వరి పరిశోధన సంస్థయను పేర రాజేంద్రనగరున నున్నది. వారు ఎక్స్.ఏ. 21 ఒక్కదానినే నమ్ముకొనలేదు. ఆ జన్యువు మొక్క లేతవయస్సున నున్నపుడు పూర్తిగ పనిచేయదు. మొక్క ముదిరినకొలది దాని బలము హెచ్చును. మరియు ఒంటరి కాపలాదారును మోసగించుట సూక్ష్మజీవికి కష్టము కాదు. అందుచేత దేశవాళీ వరులలో దొరకిన ఎక్స్.ఏ. 5, ఎక్స్.ఏ. 13 అను మరి రెండు జన్యువులను గూడ దానికి తోడు చేసిరి.

ఇచట ఒక చిక్కు కలదు. ఈ రెండు జన్యువులును అణగియుండు స్వభావము గలవి. జంటలో రెండును అవే యైనప్పుడే వాని గుణము బయటపడును. ప్రతిసంకరణములో పుట్టు మొక్కకు ఒక్కటియే యుండును గనుక, ఆ మొక్కకు తెగులంటించి చూచినను జన్యువున్నదో లేదో తెలియదు. పూర్వపు పద్ధతిలో ఇందుకై ప్రతిసారియు మరియొక తరము వేచియుండవలసి వచ్చెడిది. నేడు లేతమొక్క ఆకునుండి చిన్న ముక్క గిల్లి, దానిలోని డి.ఎన్.ఏ.ను పరీక్షించి, జన్యువునకు అతి సమీపమున నుండు గుర్తులనుబట్టి అది యున్నదని నిశ్చయింపవచ్చును. ఈ గుర్తుల సాయముతో నాలుగు ప్రతిసంకరణములు చేసి, మూడు జన్యువులును స్థిరపడిన మొక్కలను ఏరిరి. కడపట పొలములోని పరీక్ష ఉండనే యున్నది. సూక్ష్మజీవులు కలిపిన నీటిలో కత్తెరను ముంచి ఆకుకొనలు కత్తిరింతురు. రెండు వారముల పిమ్మట ఎండినచార పొడవు కొలుతురు. పాత సాంబమసూరి ఆకున చార పొడవుగ సాగును; కొత్తదానియందు కత్తెర గాటు దగ్గరనే నిలిచిపోవును.

ఇట్లు రూపొందిన మెరుగుపరచిన సాంబమసూరి 2008 లో విడుదలయ్యెను. గింజ సన్నదనమున, అన్నపు గుణమున పాతదానిని పోలియున్నది. ఇది సంకరముల ద్వారా తయారైనదే గాని జన్యువును ప్రయోగశాలలో చొప్పించిన వరి కాదు. స్థిరపడిన వంగడము గనుక రైతు తన పంటనుండి తానే విత్తనము తీసికొనవచ్చును. ఐనను ఒక మాట మరువరాదు. ఈ వరి ఎండాకు తెగులును మాత్రమే తట్టుకొనును. అగ్గితెగులు, సుడిదోమ వచ్చినచో పాత సాంబమసూరికి తీసికొను జాగ్రత్తలే దీనికిని తీసికొనవలెను.

ఇంతటితో తెగులుపై గెలుపు శాశ్వతమైనదా? కాలేదు. సూక్ష్మజీవియు జీవియే, అదియు మారుచుండును. తూర్పు ఆఫ్రికాలో గోధుమకు జరిగినది ఇందుకు నిదర్శనము. గోధుమకు జ్ఞాతియైన రై అను ధాన్యమునుండి తెచ్చిన ఎస్.ఆర్. 31 అను జన్యువు కాండపు త్రుప్పు తెగులును ఏండ్లతరబడి నిలువరించెను. దానినే నమ్మి ప్రపంచమున అనేక గోధుమ వంగడములు తయారైనవి. 1998 లో ఉగాండాలో ఆ జన్యువును లెక్కచేయని కొత్తరూపము బయటపడెను. దానిని యు.జి. 99 అందురు. అది తరువాత కెన్యా, ఇథియోపియా, ఇరాను వరకు ప్రాకెను. మనము చెప్పుకొన్న గడ్డిదుబ్బు తెగులునకు సైతము 1980 తరువాత ఫిలిప్పీన్స్‌లో కొత్తరూపము కనబడి, నివ్వరి యిచ్చిన శక్తిని దాటిపోయెను. రెండు మూడు జన్యువులను ఒకేచోట కూర్చుట ఇందుకే. ఒక గడియ తీసిన దొంగకు మరి రెండు గడియలు ఎదురైనచో పని సులువు కాదు. కాని ఎన్నటికి కాకుండ పోదు. ఆనాడు మరల అడవిజాతుల దగ్గరకే పోవలసియుండును.

పోయినపుడు అవి మన కొరకు మిగిలియుండునా? తైవాను ద్వీపమున అడవివరి 1970 తరువాతి సంవత్సరములలో తన సహజస్థానమున అంతరించిపోయినది. మన చెరువు శిఖములు పూడిపోవుచున్నవి, ఇండ్లస్థలములగుచున్నవి, గుంటలు చదునగుచున్నవి. ప్రక్కపొలముల సాగువరి పుప్పొడి సోకి నివ్వరి తన స్వభావమును కోల్పోవుటయు కలదు. విత్తనభాండారములలో గింజలు చలిలో భద్రముగ నున్న మాట నిజమే. లాస్ బానోస్ భాండారమున లక్షకు మించిన వరి సేకరణలున్నవి. కాని భాండారమున చేరిన గింజ చేరిన నాటి గింజయే. గుంటలోని మొక్క మాత్రమే ప్రతి యేటి తెగులుతో పోరాడుచు తానును మారుచుండును. రెండును కావలెను, ఒకటి మరియొకదానికి బదులు కాజాలదు.

మడిలో మొలచిన నివ్వరిని పెరికివేయవలసినదే. దాని గింజ రాలి మరుసటి పంటలో కలిసినచో రైతునకు నష్టము. కాని ఊరి చెరువు శిఖమున, ఎవరి సాగులోను లేని గుంటయొడ్డున అది పెరుగుచున్నచో దానివలన ఎవరికిని కీడు లేదు. ఆ చోటును పూడ్చకుండ, తగులబెట్టకుండ ఊరివారు విడిచినచో చాలును. దానికి వేరే సేవ అక్కరలేదు. ఆరువేల రకములలో దొరకని శక్తి ఒక గుంటలో దొరకినది. రేపు రాబోవు తెగులునకు విరుగుడు ఏ గుంటలో నున్నదో నేడు చెప్పగలవారు లేరు. అది తెలియని కాలమున గుంటలను నిలుపుకొనుటయే వివేకము.